ఆడపిల్లల గడిలో సున్నా

హెడ్మాస్టరు రామ్మూర్తి గారు కాఫీ గ్లాసు తన చేత్తోనే ముందుకు జరిపేసరికి క్రిస్టీనాకి అనుమానం వచ్చింది. అల్లవరం మండలంలో బడి బడికీ తిరిగి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల లెక్క రాసే టీచరు ఆమె. కాంట్రాక్టు ఉద్యోగం. మూడేళ్ళుగా ఈ హైస్కూలుకి వస్తోంది. వచ్చిన ప్రతిసారీ ఆయన కుర్చీలోంచి కదలకుండా, "మా దగ్గర అలాంటివాళ్ళెవరూ లేరండీ" అనేవారు. ఆవిడ ఫారంలో ఆటిజం అన్న వరసలో మగపిల్లల గడిలో ఒక సున్నా, ఆడపిల్లల గడిలో ఒక సున్నా చుట్టేసి, ఆయన చేత సంతకం పెట్టించుకుని ఓడలరేవు నుంచి వచ్చే బస్సు అందుకునేది.

ఈసారి ఆయనే ఫోన్ చేసి రమ్మన్నారు.

"ఒక పిల్లుందండి మేడం గారూ. తొమ్మిదో తరగతి, నిఖిత. బుర్ర సరిగ్గా లేదండి. ఏ మాట ఎక్కడ అనాలో తెలీదు. మీరు ఆ ఆటిజమో ఏదో రాసేసి, ఈ పిల్ల మామూలు బడికి పనికిరాదు, వేరే చోటికి పంపాలి అని కింద ఒక్క ముక్క రాసెయ్యండి. మిగతాది నేను చూసుకుంటాను."

"మూడేళ్ళూ ఎవరూ లేరన్నారు కదండీ?"

"అప్పుడు లేదండి. ఇప్పుడొచ్చింది."

జలుబు చేసిందన్నంత తేలిగ్గా అన్నారాయన. మళ్ళీ నవ్వారు. ఆ నవ్వులో మర్యాదకి లోటు లేదు. క్రిస్టీనా కాఫీ మీద కట్టిన మీగడ వైపు ఒకసారి చూసింది. గ్లాసు ముట్టుకోకుండా లేచింది.

వరండాలో లెక్కల టీచరు యామిని ఆమె కోసమే కాచుకుని ఉంది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి జరిగింది చెప్పింది. పది రోజుల కిందట జిల్లా నుంచి ఒక ఆఫీసరు తనిఖీకి వచ్చారు. ఆడపిల్లల మరుగుదొడ్డి చూసి, ఫినాయిలు వాసన పీల్చి, చాలా శుభ్రంగా ఉంచుతున్నారని మెచ్చుకున్నారు. ఎదురుగా వరసలో నిలబడ్డ నిఖిత, ఎవరూ అడక్కుండానే, "దీని తాళం మీలాంటివాళ్ళు వచ్చినప్పుడే తీస్తారండి. ఇంతకు ముందు ఆగస్టు పదకొండున తీశారు" అంది.

"అంతేనండి. హెడ్మాస్టరు గారి మొహం ఎర్రగా అయిపోయింది. ఆఫీసరు వెళ్ళిన దగ్గర్నుంచీ ఈ పిల్లని గదిలో కూర్చోనివ్వట్లేదు. వరండాలో కూర్చుని రాసుకుంటోంది. నా సబ్జెక్టులో దానికి నూటికి తొంభై ఎనిమిదండీ!"

"మరి మీరేమీ అనలేదా?"

యామిని చీర కొంగు వేలికి చుట్టుకుంది. "నాకు బదిలీ కావాలండీ. ఆయన సంతకం కావాలి."

క్రిస్టీనా ఆ మరుగుదొడ్డి చూడ్డానికి వెళ్ళింది. తాళం మళ్ళీ పడింది. వెనకవైపు ప్రహరీకీ కొబ్బరి మట్టల గుట్టకీ మధ్య సందు ఉంది. రెండువందల మంది ఆడపిల్లలకి ఉన్నది ఆ సందే. ఈగలు, బురద, తడిసి నల్లబడిన గుడ్డపేలికలు. ముక్కుకి కర్చీఫు అడ్డం పెట్టుకున్నా వాసన గొంతులోకి దిగింది. ఈ పిల్లలు పొద్దున్న బడికి వచ్చేక మళ్ళీ ఇంటికెళ్ళేదాకా నీళ్ళు తాగరని యామిని అంతకు ముందే చెప్పింది. ఇలాంటి చోటికి పాతిక అడుగుల దూరంలో హెడ్మాస్టరు గదిలో కూర్చుని, మూడేళ్ళు కాఫీ తాగి వెళ్ళింది తను. ఒక్కసారైనా ఇటు నడవలేదు.

నిఖిత వరండా చివర, స్తంభానికి వీపు ఆనించి కూర్చుని ఉంది. సన్నటి పిల్ల. క్రిస్టీనాని చూడగానే లేచి నిలబడి, పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. ఆ నవ్వు ఎక్కడో చూసినట్టుంది. అవును, రెండేళ్ళ కిందట హెడ్మాస్టరు గదిలోకి కాఫీ పట్టుకొచ్చిన ఏడో తరగతి పిల్ల ఇదే. ఎంత చలాకీ పిల్లో అనుకుంది ఆ రోజు.

"నన్ను గుర్తుపట్టావా అమ్మా?"

"ఆయ్. మీరు నాలుగోసారి వచ్చేరండి. మొదటిసారి నీలం చీర. మీరొస్తే ఇలా నవ్వాలని రాసుకున్నానండి."

"ఎక్కడ రాసుకున్నావు?"

పిల్ల సంకోచం లేకుండా సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసి ఇచ్చింది. ముత్యాల్లాంటి అక్షరాలు. ఎవరైనా కొత్త బట్టలేసుకుంటే బాగున్నాయి అనాలి, ఒక్కసారే అనాలి. ఎవరైనా ఏడుస్తుంటే పక్కన కూర్చోవాలి, ఆ ఏడుపుకి కారణం సరిపోతుందో లేదో చెప్పకూడదు. మాట్లాడేవాళ్ళ కళ్ళలోకి చూడాలి, కష్టమైతే కనుబొమ్మల మధ్య చూడాలి. అలా నలభై పేజీలు. ఐదో తరగతి నుంచీ రాస్తోందట.

"ఇంటికెళ్ళేసరికి తలనొప్పి వస్తుందండి. చెవుల్లో దూది పెట్టుకుని మంచం కింద పడుకుంటాను. అక్కడ బాగుంటుంది."

"మరి ఆఫీసరుగారితో ఆ మాట ఎందుకన్నావమ్మా?"

"ఆయన తప్పు చెప్తున్నారు కదండీ. ఆయనకి తెలీదేమో అనుకున్నాను."

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇచ్చిన శిక్షణ క్రిస్టీనాకి గుర్తొచ్చింది. ప్రపంచంలో ఇంచుమించు వందమందికి ఒకరు ఇలా ఉంటారని చెప్పారు. ముగ్గురు నలుగురు మగపిల్లలకి ఒక ఆడపిల్ల చొప్పున లెక్కల్లో కనబడతారు గాని, ఆడపిల్లలు తోటివాళ్ళని చూసి అనుకరించి దాచుకుంటారు, అందుకని చాలామంది ఆ లెక్కలోకి రారని కూడా చెప్పారు. క్రిస్టీనా అది రాసుకుని కింద గీత కూడా గీసుకుంది. ఈ బడిలో పిల్లలు నాలుగువందల పదిమంది. కనీసం నలుగురుండాలి. మండలం మొత్తం మీద తను చూపించినది ముగ్గురిని, ముగ్గురూ మగపిల్లలే, ముగ్గురూ మాటలు రానివాళ్ళు. మాటలొచ్చినవాళ్ళ జోలికి తను పోలేదు. గీత గీసుకున్న చెయ్యే సున్నాలు చుట్టింది.

మర్నాడు హెడ్మాస్టరు నిఖిత తండ్రిని పిలిపించారు. అతని పేరు బంగారరాజు. కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపే పని. భార్య ముత్యాలు నాలుగేళ్ళుగా కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తోంది. అతను గది గుమ్మం దగ్గరే ఆగి, గోడ మీది కేలండరు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఏమయ్యా బంగారరాజూ, మీ అమ్మాయి బాగు కోసమే చెప్తున్నాను. మేడం గారు కాగితం రాస్తారు, నువ్వు వేలిముద్ర వేసెయ్యి."

"నాకు సంతకం వచ్చండి," అన్నాడతను కేలండరుతోనే.

క్రిస్టీనా అతన్ని కూర్చోమని, ఫారంతో పాటు ఉన్న ప్రశ్నలు ఒక్కొక్కటే చదివింది. ఉన్నట్టుండి ఏదైనా మారితే కంగారు పడుతుందా? కొన్ని చప్పుళ్ళు, కొన్ని వాసనలు ఓర్చుకోలేదా? ఒకే విషయం గురించి గంటలకొద్దీ ఆలోచిస్తుందా? ఎగతాళిగా అన్న మాటని నిజమనుకుంటుందా? బంగారరాజు ప్రతిదానికీ ఆయ్, ఆయ్ అంటూ వచ్చాడు. ఏడో ప్రశ్నకి ఆయ్ అనకుండా, ఫారం తన వైపు తిప్పుకుని చూశాడు.

"ఏమైందండీ?"

"ఇవన్నీ నాకే రాసినట్టున్నాయండి మేడం గారూ." అతని వేళ్ళు మోకాలి మీద గబగబా కొట్టుకుంటున్నాయి. "చెట్టు మీదుంటే హాయిగా ఉంటుందండి. కిందకి దిగితే మనుషులు. పెళ్ళిభోజనాల చప్పుడుకి పారిపోయి వచ్చేస్తాను. మొండోడు, పొగరుబోతు అంటారండి ఊళ్ళో. మా నాన్న తాడు పెట్టి కొట్టేవోడు, కళ్ళలోకి చూడమని. నన్నెవరూ ఈ ప్రశ్నలు అడగలేదండి."

రామ్మూర్తి గారు గట్టిగా నవ్వారు. "చూసేరా మేడం గారూ! వంశమే అంత. ఇంకా సులువు మీకు."

ఆ నవ్వుకి క్రిస్టీనా ఒళ్ళంతా బల్లి పాకినట్టయింది. ఎదురుగా ఒక మనిషి నలభై ఏళ్ళ తన్నులు బయటపెట్టుకుంటే, ఈయనకి అందులో పని సులువు కనబడింది. ఇంకాసేపు ఈ గదిలో ఉంటే తనూ ఏదో ఒక మర్యాద మాట అనేసి బయటపడుతుందని ఆమెకి భయం వేసింది. పెన్ను తీసి రాయడం మొదలుపెట్టింది.

నిఖితకి ఆటిజం లక్షణాలున్నట్టు కనబడుతోంది, నిర్ధారణకి వైద్యుల దగ్గరికి పంపాలి అని పైకి చదువుతూ రాసింది. ఆయన తృప్తిగా తలూపారు. ఆ కింద, ఈ పిల్ల ఇదే బడిలో, ఇదే తరగతిలో, గది లోపల కూర్చుని చదవాలి, కారణం ఇదని చెప్పి బడి మాన్పించడానికి చట్టం ఒప్పుకోదు అని రాసింది. పిల్లకి కావలసిన సదుపాయాలు అన్న చోట, రోజంతా తెరిచి ఉండే, నీళ్ళున్న మరుగుదొడ్డి అని రాసి, ప్రస్తుతం తాళం వేసి ఉంది అని కూడా చేర్చింది. మిగతాదీ చదివి వినిపించింది.

"ఇదేంటండీ?" రామ్మూర్తి గారి గొంతులోంచి అండీ తప్ప మర్యాదంతా పోయింది. "నేను సంతకం పెట్టను."

"పెట్టననే రాసి పంపుతానండి. తండ్రి సంతకం చాలు."

బంగారరాజు ఫారం అందుకుని, మొదటి నుంచి చివరిదాకా పెదాలు కదుపుతూ చదివాడు. తర్వాత గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టాడు.

మూడు వారాల్లో మూడు సంగతులు జరిగాయి. పైనుంచి అడిగేసరికి తాళం ఊడింది. నీళ్ళు మాత్రం రాలేదు. ఆడపిల్లలు ఇళ్ళ దగ్గర్నుంచి సీసాల్లో తెచ్చుకుంటున్నారు. నిఖితని లోపల కూర్చోబెట్టారు గాని పక్కన ఎవరూ కూర్చోవడం లేదు, కాగితం మీద రాయించుకున్న పిల్ల అని వేళ్ళు చూపించుకుంటున్నారు. మూడోది, క్రిస్టీనాని రాజోలు వైపు బదిలీ చేసేశారు. ప్రవర్తన బాగాలేదని ఫిర్యాదు వెళ్ళిందట, దాని నకలు చేతికిచ్చారు. కింద కొందరు టీచర్లు సాక్షి సంతకాలు పెట్టారు. అందులో యామిని పేరూ ఉంది. క్రిస్టీనా ఆశ్చర్యపోలేదు. ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని బల్ల సొరుగులో పడేసి, చేతులు కడుక్కుంది.

కొత్త చోట చేరేముందు రెండు రోజులు సెలవు పెట్టి, తండ్రీకూతుళ్ళని తనే కాకినాడ తీసుకెళ్ళింది. అంతకు ముందు అమలాపురంలో పెట్టిన ఒక శిబిరంలో డాక్టరు, "ఇంత బాగా మాట్లాడుతోంది, ఫస్టు మార్కులు. ఆడపిల్లకి ఆటిజం ఏంటమ్మా, సిగ్గు అంతే" అని తల కూడా ఎత్తకుండా పంపేశాడు. కాకినాడలో డాక్టరమ్మ మాత్రం రెండు పూటలు కూర్చుంది. నోటుపుస్తకం మొత్తం చదివింది.

"పాత పుస్తకాల్లో దీన్ని ఆస్పర్జర్ అని విడిగా అనేవారు. ఇప్పుడు ఆటిజంలోనే కలిపేసేరు. ఇది జబ్బు కాదు, మనిషి తయారైన తీరు. పుట్టుకతోనే ఉంటుంది. డబ్బున్నవాళ్ళకీ లేనివాళ్ళకీ, పిల్లలకీ పెద్దలకీ, అందరికీ ఉంటుంది. చూసేవాళ్ళే లేరు," అని బంగారరాజు వైపు తిరిగి, "మిమ్మల్ని కూడా చూడమంటారా?" అంది.

"ఈ వయసులో పేరు తెలిసి ఏం చేసుకుంటానండి?" అన్నాడతను. అన్నాడే గాని లేవలేదు. మధ్యాహ్నం అతని వంతు కూడా అయింది.

బయట బెంచీ మీద కూర్చుని కువైట్‌కి ఫోన్ చేశాడు. మొహం కనబడితే మాటలు రావని వీడియో వద్దన్నాడు. స్పీకరు పెట్టాడు.

"ముత్యాలూ. నేను నీతో మాట్లాడనని, నువ్వంటే ఇష్టం లేదనీ ఏడిచేదానివి. అది పొగరు కాదంట. నాకూ అమ్మాయికీ ఒకటేనంట. డాక్టరమ్మ కాగితం ఇచ్చింది."

అవతల గిన్నెల చప్పుడు ఆగింది. ఆడగొంతు వినబడింది.

"పెళ్ళయి పదహారేళ్ళయ్యా. నువ్వు నన్ను వద్దనుకున్నావనే నేను ఇంత దూరం వచ్చేసేను."

"ఆయ్," అన్నాడు బంగారరాజు. ఫోను పెట్టెయ్యలేదు. ఆమె కూడా పెట్టెయ్యలేదు.

క్రిస్టీనా అక్కడ నిలబడలేక ఆస్పత్రి మెట్లు దిగింది. కింద ఆవరణలో వందలమంది జనం. చీటీల కోసం తోసుకుంటున్నారు, అరుచుకుంటున్నారు. ఆ చప్పుడు తగలకుండా గోడ మూలకి మొహం తిప్పుకుని, చెవులు మూసుకుని, ఒక ముసలావిడ నిలబడి ఉంది. పక్కనున్న కోడలు, "అందరిముందూ ఈ వేషాలేంటి" అంటూ ఆవిడ చెయ్యి పట్టుకుని లాగుతోంది.

క్రిస్టీనా వాళ్ళ దగ్గరికి నడిచింది.