జట్టుసారు గొంతు

ప్రతి సోమవారం పదింటికి ఆ ఫ్యాక్టరీలో మీటింగు. ఎత్తుల మీద పనిచేసేవాళ్ళు నడుముకి కట్టుకునే బెల్టులు కుడతారక్కడ. మేనేజరు నోరు తెరిస్తే "మనమంతా ఒకే జట్టు" అంటాడు కాబట్టి ఆయన పేరు జట్టుసారైపోయింది. బిస్కెట్ల పళ్ళెం ఆయన ముందే ఉంటుంది. మిగతా జట్టుకి ఉత్త టీ.

ఎవరైనా తన చెవిన వేసిన ఆలోచనని ఆయన తనదిగా చెప్పుకునేవాడు. చెప్పేటప్పుడు గొంతు మాత్రం ఆ మనిషిదే వచ్చేది. మెషీన్లు కిటికీ వైపు తిప్పుదామని మెకానిక్ బాబాయి అంటే, మీటింగులో ఆ మాట బాబాయి బొంగురు గొంతుతో, మధ్యలో ఆయన దగ్గుతో సహా జట్టుసారు నోట వచ్చింది. "భలే ఆలోచనండీ మీది" అని ఓనరు చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. సిగ్గు లేకుండా బాబాయి కూడా కొట్టాడు. కొత్తగా చేరినవాళ్ళకి మంచినీళ్ళ కుళాయి ఎక్కడుందో చెప్పినట్టే ఈ గొంతుల సంగతీ చెప్పేవాళ్ళు. అందులో ఎవరికీ వింత లేదు. రోత పుట్టించేది ఆ చప్పట్లే.

తయారైన బెల్టుని లాగి చూసి సంతకం పెట్టడం చెకింగ్ అక్క పని. ఓ మంగళవారం కొత్త దారంతో కుట్టిన బెల్టు ఆమె లాగగానే పుటుక్కుమంది. ఇంకోటి లాగితే అదీ అంతే. పరుగున వెళ్ళి, ముక్కుతో పలికే తన సన్నటి గొంతుతో చెప్పింది.

"సార్, ఈ కుట్టు మనిషి బరువు ఆపదు. పంపొద్దు."

జట్టుసారు బిస్కెట్టు టీలో ముంచాడు. "లారీ వచ్చేసిందమ్మా. ఒక్కదానివి అడ్డం పడితే జట్టేమవుతుంది? సంతకం పెట్టు."

పెట్టింది. ఆ రోజంతా తన చెయ్యి చూస్తే తనకే అసహ్యం వేసింది.

నెల తిరక్కుండా ఓ పెయింటరు మూడో అంతస్తు నుంచి పడి రెండు కాళ్ళూ విరగ్గొట్టుకున్నాడు.

ఓనరు అందర్నీ పిలిచాడు. బల్ల మీద తెగిన బెల్టు, పక్కనే అక్క సంతకమున్న కాగితం. ఉద్యోగం పోవడమే కాదు, కేసు కూడా ఆమె నెత్తినే పడేలా ఉంది. నిన్నటిదాకా ఆమె టిఫిన్ డబ్బాలో చెయ్యి పెట్టినవాళ్ళు కుర్చీలు పక్కకి జరుపుకున్నారు.

"మీకేమైనా తెలుసా?" అని ఓనరు జట్టుసారుని అడిగాడు.

తెలీదంటే గండం గడిచిపోయేది. కానీ మంచి మాట ఎవరిదైనా తనదే అనుకునే మనిషాయె.

"నేను ముందే కనిపెట్టానండీ. ఈ కుట్టు మనిషి బరువు ఆపదు, పంపొద్దు అన్నాను."

గొంతు అక్కది. ఓనరుకది అలవాటే. తల ఊపి, "ఎవరితో అన్నారు?" అన్నాడు.

జట్టుసారు నోరు మూసుకోబోయాడు. గొంతు ఆగలేదు.

"జట్టుసారుతోనే అన్నానండీ. మంగళవారం. బిస్కెట్టు ముంచుకుంటూ, లారీ వచ్చేసింది సంతకం పెట్టమన్నారు. భయపడి పెట్టాను. నా తప్పూ ఉంది."

ఆయన రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. చివరి మాట వేళ్ళ సందుల్లోంచి వచ్చింది.

"మాకెప్పుడో తెలుసండీ" అన్నాడు అందరికంటే ముందు కుర్చీ జరుపుకున్నవాడు.

కేసు జట్టుసారు మీదికి మళ్ళింది. ఆయన కుర్చీ అక్కకిచ్చారు. అందరూ అవే చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం పెయింటరుని చూడ్డానికి వెళితే, ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె వెనక్కి వచ్చేసింది.

సోమవారం మీటింగుకి వస్తుంటే మెట్ల దగ్గర కుట్టు వదిన, లోపల ఇంకో వరస కుట్టు వేస్తే బెల్టు తెగదని చెప్పింది.

"ఇకమీద ఏం చేద్దామంటారు?" అని ఓనరు అడిగాడు. బిస్కెట్ల పళ్ళెం అక్క ముందుంది. చప్పట్లకి చేతులు సిద్ధంగా ఉన్నాయి. చెబుదామని నోరు తెరిచింది. వదిన సాగదీసే గొంతు నాలుక చివరిదాకా వచ్చేసింది.

గుటక వేసి దాన్ని లోపలికి మింగింది.

"వదినా, నువ్వే చెప్పు" అంది, తన ముక్కు గొంతుతోనే.

వదిన లేచి నిలబడింది. మొదటి మాట సగంలోనే ఆగిపోయింది. అక్క పళ్ళెం ఆమె వైపు జరిపి, రెండో మాట కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.