కథలో అమ్మాయి జీతం

షినోబు నుకాయాకి నలభై మూడేళ్లు. పందొమ్మిదేళ్లుగా ఇతరుల మాంగా బొమ్మల కథల్లో మనుషుల వెనక కనిపించేవన్నీ గీస్తోంది: కిటికీలు, రైలు స్టేషన్లు, వాన, కరెంటు తీగలు. మనుషుల్ని మాత్రం గురువు హత్సుకానో గారే గీస్తారు.

ఆ వారం కథలో, ఇరవై ఆరేళ్ల కథానాయిక పే స్లిప్పు చూసుకుని నిట్టూర్చాలి.

"ఎంత వేయమంటారు గురువుగారూ?"

"ఏదో ఒకటి వెయ్యమ్మా. చిన్న కంపెనీ కదా, చూడగానే అయ్యో అనిపించాలి."

షినోబు తన జీతమే వేసింది. నెలకి లక్షా అరవై ఎనిమిది వేల యెన్లు. జీతం పెంచమని రెండేళ్లుగా అడగాలనుకుంటోంది, నోరు పెగలడం లేదు. ఆ అంకె దగ్గర ఆయన ఒక్క క్షణం ఆగుతారేమోనని ఆశ. ఆయన ఆ అమ్మాయి కనుబొమ్మ సరిచేసి పేజీ పక్కన పెట్టేశారు.

మధ్యాహ్నం పత్రిక ఎడిటర్ తొకుమారు వచ్చి పేజీలు తిరగేశాడు.

"ఇదేంటండీ, ఈ జీతానికి టోక్యోలో ఎవరు బతుకుతారు! పాఠకులు నవ్విపోతారు. రెండు లక్షల అరవై వేలు వెయ్యండి."

"బతుకుతారండీ," అంది షినోబు తలెత్తకుండా.

"ఎవరు?"

"నేను."

అతని చెవులు ఎర్రబడ్డాయి. లేచి, నడుం వంచి క్షమించమన్నాడు. మళ్లీ కూర్చున్నాక మెల్లగా అన్నాడు: "నిజమే అయ్యుండొచ్చండీ. చదివేవాళ్లకి నిజమనిపించదు. ఆ పిల్ల ఇంటి బాల్కనీ చూడండి, మీరే గీశారు కదా, ఎంత బాగుందో! ఈ జీతానికి అలాంటి ఇల్లొస్తుందా?"

షినోబు అంకె మీద తెల్ల సిరా పూసింది. ఆరేదాకా ఊది, కొత్త అంకె వేసింది.

అతను వెళ్లాక గురువుగారు కలం పాళీ తుడుస్తూ అన్నారు.

"ఆ అంకె నీ జీతమేనని నాకు తెలియక కాదమ్మా. పేజీకింతని పత్రికవాళ్లిచ్చేదాంట్లో ఈ గది అద్దె, నీ జీతం పోగా నాకు మిగిలేది నీకంటే తక్కువ. పోయినేడు నుంచి మా ఆవిడ సూపర్ మార్కెట్లో కూరలు ప్యాక్ చేస్తోంది."

ఆయన అబద్ధమాడినా బాగుండేది, కోపమైనా వచ్చేది. ఇప్పుడు జీతం అడగడానికి మనిషే లేకుండా పోయాడు.

ఆ సంచిక వెలువడిన పది రోజులకి ఒక పాఠకురాలి ఉత్తరం వచ్చింది. గురువుగారు పైకి చదివారు. "రెండు లక్షల అరవై వేలేనా! పాపం, ఎలా నెట్టుకొస్తోంది? చదివి ఏడ్చేశాను. కథే అయినా మరీ ఇంత ఘోరం రాయకండి."

ఆయన నవ్వబోయి, షినోబు మొహం చూసి ఆగిపోయారు.

"తొకుమారు ఫోన్ చేశాడమ్మా. వచ్చే సంచికలో ఆ పిల్లకి జీతం పెంచమంటున్నాడు."

"ఎంతకండీ?"

"మూడు లక్షలు. వంటగది వేరుగా ఉన్న ఇంట్లోకి మారుతుందట."

షినోబు స్కేలు అందుకుని ఆ వంటగది గోడ గీయడం మొదలుపెట్టింది.