పాట మొదలవక ముందు

గొంతు ఆపరేషన్ అయ్యాక మా అమ్మ విజయ కుమారి ఇంట్లో మమ్మల్ని చెంచాతో పిలిచేది. స్టీలు గ్లాసు మీద కొడితే నేను, పళ్ళెం మీద కొడితే నాన్న. మనిషి దక్కిందని అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. కానీ చెంచా చప్పుడులో నా పేరు ఉండదు. "ఓలె లోయిసూ" అని వీధి చివరికి వినిపించేలా పిలిస్తే పరువు పోతోందని విసుక్కున్నదాన్నే, ఆ పిలుపు కోసం మొహం వాచిపోయాను.

గార్డెన్ రీచ్‌లో ఓడల డాకు క్వార్టర్ల వెనక మా తెలుగు గుడి, అంటే చర్చి. అక్కడ పిల్లలకు పాటలు నేర్పేది అమ్మే. బెంగాలీ ఊళ్ళో పుట్టిన ఆ పిల్లలకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. ఏ పాటైనా అమ్మ నోటి నుంచి వాళ్ళ నోట్లోకి వెళ్ళవలసిందే. అమ్మ గొంతు పోయాక పిల్లలు కొన్నాళ్ళు తడబడి, కీబోర్డు ఒకటి పెట్టుకుని హిందీ పాటల్లోకి దిగారు. అయినా అమ్మ శనివారం మధ్యాహ్నాలు మానలేదు. వెనక బెంచీలో కూర్చుని వచ్చేది. వచ్చాక ఆ పూట చెంచా కూడా ముట్టుకునేది కాదు.

ఆపరేషన్‌కు ముందు వారం ఇంటి కంప్యూటర్లో అమ్మ చేత పాటలన్నీ పాడించి దాచాను. ఎర్రజెండా వాళ్ళు ఇక ఎప్పటికీ గద్దె దిగరని మెటియాబ్రుజ్ ఆటోవాళ్ళు కూడా పందెం కాసే రోజులవి. సాల్ట్ లేక్‌లో జావా ప్రోగ్రాములు రాసే ఉద్యోగం నాది. అమ్మకు అక్కరకు రాని విద్య ఎందుకు, తగలబెట్టడానికా అనిపించి, దాచిన ఆ పాటలతో ఒక ప్రోగ్రాము రాశాను. పాట నంబరు నొక్కితే అమ్మ గొంతు పాడుతుంది. చరణం దగ్గర ఆగుతుంది, పిల్లలు తిరిగి పాడాలి. పాటకు ముందు రికార్డయిన వంటింటి గోలంతా కత్తిరించి పారేశాను. గుళ్ళో కుక్కరు ఈల వేస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?

ఇంట్లో చక్కగా పాడింది. శనివారం గుడి పక్క గదిలో ఉన్న కంప్యూటర్లో దాన్ని ఎక్కించి, అమ్మను ముందు కుర్చీలో కూర్చోబెట్టి, ఒకటో నంబరు నొక్కాను. చప్పుడు లేదు. ఫైలు దొరకలేదంటూ తెర మీదకి బూడిదరంగు పెట్టె ఒకటి వచ్చింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ పెట్టె. పిల్లలందరిలోకీ నోరున్న డోర్కాస్ ఊరుకుంటుందా?

"ధుర్! ఇదేటి లోయిసక్కా, ఇది పాడదు. మన కీబోర్డు ఎట్టీసుకుందుం."

అమ్మ మెడకు చుట్టుకున్న స్కార్ఫు సర్దుకుని లేచి, వానలోకి వెళ్ళిపోయింది. వరండాలో గొడుగు పట్టుకుని కూర్చున్న నాన్న వెనకాలే పరుగెత్తాడు. మా నాన్న సత్యరాజు డాకులో క్రేను నడిపి రిటైరైన మనిషి, ఎక్కువ మాట్లాడడు. ఆ సాయంత్రం మాత్రం నా దగ్గరికి వచ్చాడు.

"దాని గొంతు ఒకసారి పోనాది తల్లీ. నువ్వు మళ్ళీ మళ్ళీ పోగొట్టకు."

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. సోమవారం ఆఫీసులో నా పైన పనిచేసే అరుంధతి గారికి ప్రోగ్రాము చూపించాను. విజయవాడ మనిషి, మొహమాటం లేదు.

"నీ ప్రోగ్రాము పాటల్ని ఎక్కడ వెతుకుతోందో చూశావా? మీ ఇంటి కంప్యూటర్లో, డి డ్రైవులో, నువ్వు పెట్టుకున్న ఫోల్డర్లో! గుళ్ళో మీ ఇల్లు ఎక్కడి నుంచి వస్తుందమ్మా?"

జావాలో ప్రోగ్రామునూ దానికి కావలసిన సామానునూ కలిపి ఒకే ఫైలుగా మూటకడతాం. పాటలన్నీ ఆ మూటలోనే ఉన్నాయి. నా ప్రోగ్రాము వాటిని వెంటే మోసుకెళ్ళి, ఇంట్లో వదిలేసి వచ్చానేమోనని ఇంటి దారి చూస్తోంది. దాన్ని చూసి కోపం రావలసింది, జాలి వేసింది. మూటలోనే వెతకమని ఆ ఒక్క చోటా మార్చి, మారిన ముక్కను పాత మూటలోకి తోశాను. పాటలు ఎలాగూ లోపలే ఉన్నాయి కదా, వాటి జోలికి పోలేదు. ఆఫీసు కంప్యూటర్లకు స్పీకర్లు లేవు. పాట నడుస్తున్నట్టు తెర మీద గీత కదిలింది, బూడిదరంగు పెట్టె రాలేదు. అదే పదివేలనుకున్నాను.

శనివారం అమ్మ రానని తల అడ్డంగా ఊపింది. కాళ్ళావేళ్ళా పడి తీసుకెళ్ళాను. ఈసారి కూడా పాడకపోతే అమ్మ ఇంక గుడి గడప తొక్కదని నాకు తెలుసు. ఒకటి నొక్కాను.

ముందు ఆటో హారన్. కుక్కరు ఈల. ఆ వెంటనే, గది మారుమోగేలా:

"ఓలె లోయిసూ! పాలు పొంగిపోతన్నాయి, సూడవే! ఏటండీ, ఆ పేపరు పక్కనెట్టి కుక్కరు దింపండి. నాను పాట పాడాలా, పొయ్యి కాడుండాలా?"

కత్తిరించిన పాటలు ఇంటి ఫోల్డర్లో ఉండిపోయాయి. మూటలో ఉన్నవి కత్తిరించక ముందు, మొట్టమొదట మూట కట్టినప్పుడు పెట్టినవి. ఇన్నాళ్ళూ ఇంట్లో నేను విన్నది ఫోల్డర్లోవే గానీ మూటలోవి కావు. ఆపేద్దామని చెయ్యి చాచాను.

"ఆఁ, దింపుతన్నా" అన్నాడు వరండాలోంచి నాన్న.

అలవాటుగా అనేశాడు. అని, గొడుగు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయాడు. నవ్వబోయిన పిల్లలు ఆగిపోయారు. నా చెయ్యీ ఆగిపోయింది.

"ఏటి, అప్పుడే నొక్కీసినావా? ఉండు, గొంతు సవరించుకోనీ" అంది స్పీకరు.

తరవాత పాట మొదలైంది. చరణం ఆగగానే పిల్లలు అందుకున్నారు, డోర్కాస్ అందరికంటే గట్టిగా. అమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని, వేళ్ళతో తాళం వేస్తూ చివరిదాకా విన్నది. పాట అయిపోయాక నేను ఆమె చెవి దగ్గరికి వంగాను.

"వచ్చే వారానికి ఆ ముందర గోల తీసేస్తాను, అమ్మా."

అమ్మ నా చెయ్యి పక్కకు తోసేసింది. ఎన్నడూ ముట్టని మౌసు తనే పట్టుకుని, తడుముకుంటూ ఒకటో నంబరు మీదికి తెచ్చి నొక్కింది.

"ఓలె లోయిసూ!"

పాట దాకా పోనివ్వలేదు. మళ్ళీ నొక్కింది.

"ఓలె లోయిసూ!"

తెర వైపు చూడడం లేదు అమ్మ. నా వైపు చూస్తోంది. మళ్ళీ నొక్కింది. అప్పటికి గానీ ఈ మట్టిబుర్రకు ఎక్కలేదు, అమ్మ పాట వినడం లేదని, నన్ను పిలుస్తోందని.

"ఆఁ, అమ్మా" అన్నాను.