హాజరు: ఒకరు

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదుల్లో మొదటిది, ఆయన లెక్కల మాస్టారు కావడం. రెండోది, బడి గంట కొట్టాక కూడా ఆ సంగతి మర్చిపోకపోవడం. కూరలో ఉప్పు ఎక్కువైందని అందరు మొగుళ్ళూ అంటారు. ఈయన ఎంత శాతం ఎక్కువైందో చెబుతారు. బుధవారం వచ్చిందంటే చాలు, షూ లేసులు కట్టుకుంటూ, “ఇవాళ నీ కూడిక కదూ?” అని మొదలుపెడతారు. కూడిక చెయ్యాలంటే కనీసం రెండు అంకెలుండాలట. ఒక్కటే ఉంటే దాన్ని అంకె అంటారు తప్ప కూడిక అనరట. ఈ జోకు ఏడు నెలలుగా వింటున్నాను. మొదటి నెలలో నవ్వాను కూడా.

స్త్రీల కూడిక అని మా చర్చిలో ఎప్పుడో పెట్టిన పేరు. బుధవారం మధ్యాహ్నం మూడింటి నుంచి నాలుగింటి దాకా, చర్చి వెనక గదిలో ఆడవాళ్ళం కలిసి పాడుకుని ప్రార్థన చేసుకునే గంట అది. నేను చేరినప్పుడు పదకొండుమందిమి. అందులో ఇద్దరు కూతుళ్ళ పురుళ్ళకని ఊళ్ళు వెళ్ళి మనవలకి అంకితమైపోయారు. ఒకావిడ చనిపోయారు. ముగ్గురికి ఏ పాట ముందు పాడాలన్న దగ్గర మాట పట్టింపు వచ్చింది. మిగిలినవాళ్ళు ఎందుకు మానేశారో వాళ్ళకే తెలియదు. ఏదో ఒక బుధవారం వాన పడి ఉంటుంది. తాళంచెవి చేతులు మారి మారి నా దగ్గర ఆగింది. అప్పట్నుంచీ అధ్యక్షురాలినీ కార్యదర్శినీ సభనీ నేనే.

గుంపులో పాడినన్నాళ్ళూ నాది మంచి గొంతనుకునేదాన్ని. ఒక్కదాన్నే పాడాక తెలిసింది, ఆ శ్రుతి పక్కావిడదని. ప్రార్థన గట్టిగా చేస్తే నా మాట ఎదురు గోడకి తగిలి నాకే తిరిగొచ్చేది. మెల్లిగా చేస్తే చేశానో లేదో నాకే అనుమానం వచ్చేది. దేవుడు వింటాడన్న నమ్మకం లేక కాదు. ఆయనకి మధ్యలో ఊఁ కొట్టే అలవాటు లేదు, అంతే. అయ్యాక రిజిస్టరు తీసి, తేదీ వేసి, పాడిన పాటలు రాసి, వాటి కింద “హాజరు: ఒకరు” అని రాసి, తాళం వేసుకుని ఇంటికొచ్చేదాన్ని. ఇంట్లో సాయంత్రం ఆరు దాకా నోరు తెరిచేది కుక్కరొక్కటే.

మనిషిని దారి తప్పించే శోధన అంటే కొమ్ములూ తోకా పెట్టుకుని వస్తుందనుకుంటాం. మా ఇంటికి పైవాటా వదిన రూపంలో వచ్చింది. బుధవారాలు వాళ్ళింట్లో మగవాళ్ళెవరూ ఉండరు. మూడింటికి ముగ్గురు ఆడవాళ్ళు కారమ్స్ ఆడతారు, నాలుగో మనిషి లేక ఆట కుంటుతోంది, నువ్వొస్తే నాలుగు పక్కలా నిండుతుంది అంది. నాకు పని ఉందన్నాను. ఏం పని అని అడిగింది. ఖాళీ గదిలో కూర్చుని వచ్చే పని అని ఎలా చెప్పను? ఆ వారం చర్చికే వెళ్ళాను. తరవాతి వారం పైకి వెళ్ళాను.

అబద్ధమెందుకు, ఎంతో బాగుంది. కాయిన్లు వెయ్యడం నాకు రాదు. నా స్ట్రైకరు ప్రతిసారీ కాయిన్ కంటే ముందు బోర్డు మూల జేబులో పడేది. దాని మీద నేనేదో అన్నాను. ముగ్గురూ ఒక్కసారిగా నవ్వారు, ఒకావిడకి టీ పొలమారింది. మా ఆయన నా జోకుకి నవ్వితే మర్నాడు నవ్వుతారు. ఇక్కడ అప్పటికప్పుడు, నా మొహంలోకి చూస్తూ నవ్వుతున్నారు. మెట్లు దిగుతుంటే కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకున్నాక ఏడుపొచ్చింది. మనుషుల కోసం ఇంత మొహం వాచి ఉన్నానని అంతవరకూ నాకే తెలియదు.

ఆదివారం ఆరాధన అయ్యాక, మా ఆయన బయట ఎవరికో శాతాలు వివరిస్తుండగా, వెనక గదిలోకి వెళ్ళి రిజిస్టరు తీశాను. ఏడు నెలలు ఒక్క గడి కూడా వదలకుండా నింపిన పుస్తకం. ఒక్క గడి ఖాళీగా ఉంటే పన్ను ఊడినట్టుంది. ఎవరు చూడొచ్చారు, ఎవరొస్తారు గనక అనుకున్నాను. బుధవారం తేదీ వేసి, రెండు పాటలు రాసి, “హాజరు: ఒకరు” అని రాశాను. అక్షరాలు కుదురుగానే వచ్చాయి.

మళ్ళీ బుధవారం వచ్చింది. తాళంచెవి పట్టుకుని గుమ్మం దాటేసరికి పైన కాయిన్ల చప్పుడు మొదలైంది. వదిన రెయిలింగు మీంచి వంగి, నీ పీట వేసే ఉంచాం, చర్చికి వచ్చే వారం వెళ్దువుగాని, దేవుడెక్కడికీ పోడుగా అంది. నిజమే, ఆయన పోడు. పోయేదాన్ని నేనేనని నాకు అప్పుడే అర్థమైంది, ఒక కాలు అప్పటికే పైవాటాకెళ్ళే మెట్టు మీద ఉంది గనక. ఆ కాలు దించడానికి నేను చేసిన ప్రార్థనలో మాటలేమీ లేవు. వీధిలోకి వచ్చాక కూడా వాళ్ళ నవ్వులు మలుపు దాకా వినిపించాయి.

వెనక గది మెట్ల మీద కొలతలమ్మ కూర్చుని ఉంది.

నలభై ఏళ్ళు బట్టలు కుట్టిన మనిషి. ఎవరినైనా ముందు నడుము దగ్గర చూసి, తరవాత మొహం చూస్తుంది. అందుకే ఆ పేరు. కూతురి పురిటికని వెళ్ళిన ఇద్దరిలో ఒకావిడ. నన్ను చూడగానే రెండంగుళాలు తగ్గానంది. మనవడు నడుస్తున్నాడట, ఇక తన అవసరం లేదట, మోకాళ్ళు అరిగాయట. అయినా రెండు బస్సులు మారి వచ్చింది. నేను రెండో కుర్చీ దుమ్ము దులిపి నా కుర్చీ పక్కన వేశాను. ఇద్దరం పాడాం. నాకు శ్రుతి దొరికింది.

అంతా అయ్యాక, తను లేనప్పుడు ఏమేం జరిగాయో చూస్తానని రిజిస్టరు ముందుకు లాక్కుంది. వరసలో వేలు పెట్టి కిందికి దిగుతూ వచ్చింది.

“ఒకరు, ఒకరు, ఒకరు... ఇదంతా నువ్వేనా తల్లీ?”

అవునన్నాను. వేలు చివరి గడి దగ్గర ఆగింది. అక్కడ ఆవిడ మొహం విప్పారింది.

“ఇది మాత్రం నేను కదూ?”

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. పోయిన బుధవారం కూడా వచ్చిందట. తలుపు తాళం వేసి ఉంటే ఈ మెట్ల మీదే కూర్చుని, వచ్చిన పాటలు పాడుకుని, ప్రార్థన చేసుకుని, నాలుగింటికి లేచి బస్సెక్కిందట.

“ఎవరూ చూళ్ళేదనుకున్నాను. రోడ్డు మీంచి చూశావా? పాటలు మాత్రం వేరేవి రాశావులే. దూరం కదా, సరిగ్గా వినపడి ఉండదు.”

నేను చెయ్యాల్సిందల్లా తలూపడం. నోటితో అబద్ధమాడే పని కూడా లేదు. ఆవిడే నా తరఫున మొత్తం కుట్టి, గుండీలు కూడా పెట్టి ఇచ్చింది. తలూపితే ఆవిడ సంతోషం ఆవిడకుంటుంది, వచ్చే బుధవారం మళ్ళీ రెండు బస్సులు మారి వస్తుంది. నిజం చెబితే? అరిగిన మోకాళ్ళతో గంటసేపు తాళం ముందు కూర్చోబెట్టిన మనిషి దగ్గరికి మళ్ళీ ఎందుకు రావాలి? ఏడు నెలల తరవాత దొరికిన ఒక్క గొంతు. ఎదురు గోడ వంక చూశాను. ఆవిడ నా జవాబు కోసం చూస్తోంది, వేలు ఇంకా గడి మీదే ఉంది.

“చూళ్ళేదు పెద్దమ్మా,” అన్నాను. “ఆ వేళ నేను రాలేదు. మా పైవాటాలో కారమ్స్ ఆడుతున్నాను. ఈ లైను ఆదివారం వచ్చి రాశాను, వచ్చినట్టు. ఎవరూ రారని రాశాను. తప్పు చేశాను.”