గట్టు మీద రైట్ రైట్

కంబదూరుకు దగ్గర్లో కాలువ గట్టును ఆనుకొని ఒక ఊరుంది. కాలువకు నీళ్లు వదిలినప్పటి నుంచి గట్టు మీద జనం పెరిగారు. పొద్దున్నే గొర్రెలు పోతాయి. పాల క్యాన్లు కట్టిన మోటర్‌సైకిళ్లు పోతాయి. ఆదివారాలు కళ్యాణదుర్గం నుంచి హెల్మెట్లు పెట్టుకున్న సైకిళ్ల గుంపు వస్తుంది. రోజూ తెల్లవారగానే గంగాదేవి పరుగెత్తుతుంది.

ఆమె కానిస్టేబుల్ రాతపరీక్ష గట్టెక్కింది. పరుగు మిగిలింది. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది. పరుగెత్తడానికి ఆమెకు వేరే చోటు లేదు. తారురోడ్డు మీద గ్రానైటు లారీలు. చేలల్లో శనక్కాయ సాళ్లు. గట్టు ఒక్కటే చదును.

చదునే గాని ఇరుకు. ఊరు దాటి పోయేటప్పుడు ఎడమ పక్క కాలువ. దాని సిమెంటు వాలు పాకుడు పట్టి ఉంటుంది. కుడి పక్క కంపచెట్లు. మధ్యన ఒక జీపు పట్టేంత దారి. ఇలాంటి దారి మీ ఊళ్లోనూ ఉండే ఉంటుంది. అందరిదీ అని పేరు. ఎవరికి వారు తమదే అనుకొని పోతారు. గంగాదేవి కూడా నడిమధ్యన పరుగెత్తేది. వెనక్కి చూస్తే వేగం తగ్గుతుందని చూసేది కాదు.

ఆ ఆదివారం వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"రైట్! రైట్!"

గంగాదేవి తండ్రి హనుమంతరాయుడు బస్సు కండక్టరు. ఆమెకు మాటలు వచ్చేటప్పుడు అమ్మ, నాయన అన్న తర్వాత వచ్చిన మాట రైట్. ఆ మాట చెవిన పడితే బస్సు కదలాలి. ఎవరో తనను ఉత్సాహపరుస్తున్నారనుకొని ఆమె మధ్యదారినే ఇంకా వేగం పెంచింది.

సైకిలు హ్యాండిల్ ఆమె కుడి మోచేతికి తగిలింది. సైకిలు కంకరలో పడింది. ఆమె ఎడమకు తూలి రెండడుగులు వేసింది. మూడో అడుగుకు గట్టు లేదు.

వాలు మీద బోర్లా పడి జారింది. సిమెంటు పలకల సందులో వేళ్లు దూరి ఆగింది. బూట్లు నీళ్లను తాకాయి. కాలు పైకి వేస్తే పాకుడు కిందికి లాగింది. గట్టిగా ఊపిరి పీల్చినా జారుతున్నట్టే ఉంది. ఆమె కదలడం మానేసింది. అరవడానికి కూడా భయపడింది.

"కదలొద్దమ్మా! అట్లే ఉండు!"

అన్నది సైకిలు తొక్కిన రాజేంద్ర. కళ్యాణదుర్గంలో మందుల షాపు అతనిది. అరచేతుల్లో తోలు లేచిపోయింది. ఆ చేతులతోనే గట్టు మీద బోర్లా పడుకొని తన సైకిలును వాలు మీదికి దించాడు. వెనక వచ్చిన ఇద్దరు అతని కాళ్లు పట్టుకున్నారు. గంగాదేవి ముందు చక్రం అందుకుంది. చక్రం తిరిగింది. ఆమె మళ్లీ జానెడు జారింది.

"చక్రం కాదు! హ్యాండిల్ పట్టుకో!"

పట్టుకుంది. లాగారు.

పైకి వచ్చింది. వచ్చినాక తిట్లే వచ్చాయి.

"మూడుసార్లు అరిస్తి కదమ్మా! చెవుల్లో ఏం పెట్టుకోనుండావు?"

"ఏమీ పెట్టుకోలే. ఇన్నాను కాబట్టే పోతాంటి!"

"ఇని కూడా జరగవా?"

"యాడికి జరగల్ల? నీళ్లలోకా?"

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన హనుమంతరాయుడు కూతురి మోచేయి చూశాడు. మర్నాడు సెలవు పెట్టి, ఊళ్లో నలుగురిని పిలుచుకొని, గట్టు మీదికి ఎవరూ పోకుండా రెండు కొనల్లోనూ మనిషి ఎత్తున కంప వేశాడు.

"నా గొర్రెలేం చేసినాయప్పా?" అని కాపరి కుళ్లాయప్ప గొణిగాడు. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ సాయంత్రం గంగాదేవి అడిగింది.

"నాయనా, కంప సైకిళ్లకు ఏస్తివా, నాకు ఏస్తివా?"

"నీకే అనుకో. ఉద్యోగం లేకున్నా బతకొచ్చు. నువ్వు లేకుంటే మేమేం జెయ్యల్ల?"

కోపంతో వేసిన కంపయితే పీకి పారేసేది. ఇది అలా వేసింది కాదు.

మర్నాడు పరుగెత్తడానికి రోడ్డు మీదికి పోయింది. లారీ హారన్ కొడితే పక్కన గుంతలోకి దిగి నిలబడింది. తిరిగి వచ్చి వాకిట్లో మొదలుపెట్టింది. అడుగు సాగేలోగా గోడ వచ్చేది. తిరిగితే ఇంకో గోడ. కోళ్లు అరుస్తూ పక్కకు పోయేవి.

"గానుగెద్దు మాదిరి తిరుగుతాండావేమే, నాకే కండ్లు తిరుగుతాండాయి" అంది తల్లి సుంకమ్మ. నవ్వించాలని చూసింది. కూతురు నవ్వలేదు. మిద్దె ఎక్కితే గట్టు కనిపించేది. దాని మీద ఎవరూ లేరు. పరుగు పరీక్ష మాత్రం దగ్గరికి వస్తోంది.

ఒక సాయంత్రం వాకిట్లో తిరుగుతుండగా ఊరి స్టాపులో బస్సు ఆగింది. తండ్రి గొంతు వినిపించింది. "రైట్ రైట్!" బస్సు కదిలింది. వాకిట్లో గంగాదేవి అడుగు కూడా జోరందుకుంది. గోడ దాకా పోయి అక్కడే నిలబడిపోయింది.

ఆదివారం సైకిళ్ల గుంపు వచ్చి కంప ముందు ఆగింది. రాజేంద్ర చేతులకు కట్లున్నాయి. గంగాదేవి నేరుగా అతని దగ్గరికి పోయింది. వెనకే తండ్రి, కుళ్లాయప్ప వచ్చారు.

"సార్, ఆ పొద్దు రైట్ అంటివే, ఏమని?"

"కుడి పక్క నుంచి వస్తాండా, నువ్వు ఎడమకు జరుగు అని. మా గుంపులో అందరమూ అట్లే అంటాం."

"నాకు పో పో అని ఇనపడింది సార్. మా నాయన కండక్టరు."

"నాకైతే సరే అని ఇనపడేది. నేను కూడా రైట్ రైట్ అని చెయ్యి ఊపేటోణ్ణి" అన్నాడు కుళ్లాయప్ప.

అందరూ నవ్వారు. రాజేంద్ర కూడా నవ్వి, కాలువ వైపు చూసి ఆపేశాడు.

"నేను చెప్పినట్టు ఎడమకు జరిగింటే ఈ పాప నేరుగా అంచుకే పోయేది కదన్నా."

"నా తప్పూ ఉండాది" అంది గంగాదేవి. "దారంతా నాదే అన్నట్టు నడుమ పరిగెత్తినా. ఒక్కసారి ఎనక్కి చూసినా నువ్వు కనపడేటోనివి."

"నేను బ్రేకు పట్టినా సరిపోయేది. ఫోన్లో లెక్క కట్టే స్పీడు తగ్గుతుందని పట్టలే."

అక్కడే నిలబడి మాట్లాడుకున్నారు. కాలినడకన పోయేవాళ్లు ఎప్పుడూ కంపచెట్ల పక్కనే ఉండాలి. సైకిలు దూరం నుంచే బెల్లు కొట్టి, నడక వేగానికి తగ్గాలి. ముందున్న మనిషి చెయ్యి ఎత్తితేనే దాటాలి. గొర్రెలు వస్తే సైకిలు దిగి నిలబడాలి. సైకిలు మీదున్నవాళ్లు గట్టు మీద రైట్ అనే మాట అనొద్దు.

అంతా అయ్యాక అందరూ హనుమంతరాయుడి వైపు చూశారు. కంప ఆయన వేసింది.

"సర్వీసంతా రైట్ అంటానే ఉండా" అన్నాడాయన. "ఆఖరు మనిషి రెండో కాలు లోపల పడేదాకా ఆ మాట నోట్లో నుంచి రానీను. నేను అరిస్తినా లేదా అనేది కాదు చూడల్సింది. వాళ్లు కమ్మీ పట్టుకొని నిలబడినారా లేదా అనేది. నలుగురూ పోయే దారి యాడైనా అంతే. అరిస్తే మన పని అయిపోలే. అవతలి మనిషికి అర్థమైందని కండ్లతో చూసినంకనే కదలాల."

ఆయన వంగి కంప లాగడం మొదలుపెట్టాడు. కుళ్లాయప్ప కర్ర అందించాడు.

గంగాదేవి బూట్ల తాళ్లు బిగించి కంపచెట్ల పక్కన నిలబడింది. వెనక రాజేంద్ర బెల్లు కొట్టాడు. ఆమె తిరిగి చూసి చెయ్యి ఎత్తింది. హనుమంతరాయుడు కూతురి చెయ్యి చూశాడు. రాజేంద్ర వేళ్లు బ్రేకు మీద ఉన్నాయో లేదో చూశాడు. అప్పుడు నోరు తెరిచాడు.

"రైట్ రైట్!"