ఎంగిలి సన్నాయి

నేనొక సన్నాయిని. మర్యాద తెలిసినవాళ్ళు నాదస్వరమంటారు. పెళ్ళి హడావిడిలో ఉన్నవాళ్ళు "ఆ మేళపోళ్ళేరయ్యా?" అంటారు. ఏ పేరుతో పిలిచినా పలుకుతాను గానీ, ఎవరో ఒకరు ఊదితేనే. వెయ్యిమంది చెవులు గింగురుమనిపించే గొంతు నాది. నా అంతట నేను మాత్రం ఒక్క ముక్క మాట్లాడలేను. చెప్పాల్సిన మాట చెప్పాల్సినవాడికి చెప్పలేక, ఒక చెక్కపెట్టెలో పడుకుని నేను పడిన ఉక్రోషం ఇప్పుడు కక్కుతున్నాను. కాస్త ఓపిక పట్టండి.

అద్దంకి పక్క ఒక ఊళ్ళో కూలిపోయిన మిద్దె దూలం నేను. అలాంటి ముసలికర్రే సన్నాయికి పనికొస్తుంది, పచ్చికర్రతో చేస్తే రెండు ఎండాకాలాలకి నెర్రెలిస్తుంది. వడ్రంగి నన్ను తరిణె మీద గుండ్రంగా చెక్కి, నిలువునా తొలిచి, వరసగా ఏడు బెజ్జాలు వేశాడు. మొదట నన్ను కొన్నది మీరావలి వాళ్ళ నాయన. ఆయన పోయాక మీరావలి చేతికొచ్చాను. దూదేకులవాళ్ళు. శుక్రవారం మసీదుకి వెళ్ళొచ్చి, శనివారం వెంకటేశ్వరస్వామి పల్లకి ముందు నన్ను ఊదేవాళ్ళు. దేవుడికి గానీ నాకు గానీ అందులో తేడా ఏమీ కనిపించలేదు.

నా తలమీద పెట్టి ఊదే చిన్న రెల్లుముక్కని పీక అంటారు. ఎండిన పీక పలకదు. నోట్లో పెట్టుకుని బాగా నానబెడితేనే దారికొస్తుంది. అంటే, ఉన్న సంగతి చెప్పుకోవడానికి సిగ్గెందుకు, నాలోంచి వచ్చేది సగం గాలి, సగం ఉమ్మి. మనుషులు పక్కవాడు కొరికిన జామకాయ ముట్టరు, ఎంగిలి చెయ్యి తగిలిందని కూరగిన్నె పక్కన పెడతారు. అదే మనుషులు ఉమ్మి కారే నన్ను దేవుడి పల్లకి ముందు నడిపిస్తారు, తాళి కట్టే చోట కూర్చోబెడతారు, మంగళవాద్యమని దణ్ణం పెడతారు. వీళ్ళ లెక్కలు నాకెప్పుడూ అర్థం కాలేదు.

మీరావలికి జత కోటిలింగం. నాయీబ్రాహ్మణుడు, మేళం వాళ్ళ తాతలనాటి వృత్తి. మీరావలి కంటే ఆరేళ్ళు పెద్ద, నోరు కూడా అంతే పెద్దది. పదహారేళ్ళు పక్కపక్కన కూర్చుని వాయించారు. వాళ్ళిద్దరి మధ్య ఒక అలవాటుంది. ఒకడు వాయిస్తుంటే రెండోవాడు విడిపీక ఒకటి బుగ్గన పెట్టుకుని నానబెడుతూ ఉంటాడు. ముహూర్తం వేళ పీక చీలిందంటే ఎండుది తడిపి దారికి తెచ్చే వ్యవధి ఉండదు, తాళి అంతసేపు ఆగదు. అందుకని చీలినవాడు చూడకుండానే చెయ్యి చాస్తాడు. రెండోవాడు బుగ్గలోది తీసి ఆ అరచేతిలో పెడతాడు. తుడవడాలూ కడగడాలూ లేవు. "ఒరే, నీ ఎంగిలి తినీ తినీ నాకు సాయిబుల మాట వచ్చేస్తందిరా" అని కోటిలింగం నవ్వేవాడు. "మాకే రాదు గదన్నా, మాదీ తెలుగే" అనేవాడు మీరావలి.

ఇరవయ్యేళ్ళు ఊదీ ఊదీ మీరావలికి హెర్నియా వచ్చింది. ఆపరేషనుకి ముందు అందరికీ చేసే రక్తపరీక్షల్లోనే అతనికి హెచ్ఐవీ ఉన్నట్టు తేలింది. ఒక పెళ్ళి ముగించుకుని అటునుంచి అటే ఆసుపత్రికి వెళ్ళాడు గనక నేను సంచిలో, అతని ఒళ్ళోనే ఉన్నాను. కౌన్సెలింగ్ గదిలో సువార్త అనే అమ్మాయి కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. సంచి మీదనుంచే అతని వేళ్ళు నా బెజ్జాలు వెతుక్కుని ఏడింటినీ మూసేశాయి.

"మందులతో అదుపులో ఉండే జబ్బు మీరావలి గారూ. రోజూ మాత్ర, ఒక్క పూట కూడా మానకూడదు. మీ ఆవిణ్ణి కూడా ఒకసారి తీసుకురండి" అందా అమ్మాయి.

అతను అడిగింది ఒకటే. "ఉమ్ముతో అంటుద్దా అమ్మా?"

"అంటదండీ."

"మా పీక ఒకరి నోట్లోంచి ఒకరి నోట్లోకి పోద్ది."

"అయినా అంటదు. పెదవి పగిలి రక్తం వస్తుంటే మానేదాకా వాయించకండి. అంతకు మించి భయం లేదు."

తలూపాడు. మనుషులు కనిపెట్టినవాటిలో ఈ తలూపడమంత పనికిమాలింది ఇంకోటి లేదు. లోపలికి ఒక్క మాట వెళ్ళకపోయినా తల మాత్రం ఊగుతుంది.

ఎలా వచ్చిందని మీకు నోరు దురదపెడుతుంటుంది. నాకు తెలుసు, చెప్పను. టైఫాయిడ్ వచ్చినవాణ్ణి ఏ ఊళ్ళో నీళ్ళు తాగావని అడిగారా ఎప్పుడైనా? అడగాల్సిన మనిషి, వాళ్ళావిడ జాన్‌బీ, అడిగింది. అతను దాచకుండా చెప్పాడు. ఆవిడ నాలుగు రోజులు మాట్లాడలేదు. తనూ పరీక్ష చేయించుకుంది, లేదన్నారు. మూణ్ణెల్లకి మళ్ళీ చేశారు, మళ్ళీ లేదన్నారు. ఆవిడ కోపం పూర్తిగా పోయిందని నేననను. కానీ ఐదోరోజు మొగుడికి ఇష్టమని చింతచిగురు పప్పు చేసి కంచం పెట్టింది.

అప్పటికే అతను తన కంచం, తన గ్లాసు వేరు చేసుకున్నాడు. ఎవరూ చెయ్యమనలేదు. జాన్‌బీ పంతం కొద్దీ ఆ గ్లాసుతోనే మంచినీళ్ళు తాగేది. అతను హడలిపోయి దాన్ని వదిలేసి ఇంకో గ్లాసు తీసుకునేవాడు. ఆవిడ ఆ గ్లాసుతోనూ తాగేది. నెల తిరిగేసరికి ఇంట్లో గ్లాసులన్నీ అతనివే అయి కూర్చున్నాయి. నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఒళ్ళు మండింది. ఇలాంటి జబ్బు వస్తే ఊరు వెలేస్తుందని విన్నాను. ఇక్కడ ఊరికి తెలియనే తెలియదు. వెలేసేవాళ్ళెవరూ దొరక్క ఆ పని కూడా తనే చేసుకుంటున్నాడు.

ఆపరేషన్ బాగానే అయింది. మాఘమాసం పెళ్ళిళ్ళకి మళ్ళీ జతకట్టారు. చీమకుర్తి దగ్గర ఒక పెళ్ళి. ముహూర్తం దగ్గరపడింది. కోటిలింగం వాయిస్తున్నాడు, మీరావలి అలవాటు ప్రకారం పీక బుగ్గన పెట్టుకున్నాడు. పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం! గట్టిమేళం!" అని కేక వేశాడు. ఆ కేకకి మేమంతా ఒక్కసారి విజృంభించాలి, తుమ్ములూ అశుభం మాటలూ ఎవరి చెవినా పడకుండా ముంచేయాలి. సరిగ్గా అప్పుడే కోటిలింగం పీక నిలువునా చీలింది. అతను తల తిప్పకుండానే చెయ్యి చాచాడు.

మీరావలి నోరు తెరవలేదు. పళ్ళు బిగబట్టుకున్నాడు. చాచిన చెయ్యి రెండుసార్లు వేళ్ళు ఆడించింది, ఇంకా ముందుకొచ్చింది. అతను ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఇవ్వకపోతే మానె, తనైనా నన్నెత్తి ఊదవచ్చు కదా! ఆ అరచెయ్యి చూసేసరికి నన్ను ఒళ్ళోకి అదిమి పట్టుకుని కూర్చుండిపోయాడు. డోలు ఒక్కటే డబడబా మోగింది. ఆ సందులో పెళ్ళికూతురి మేనత్త పందిరి అదిరేలా తుమ్మింది. అందరూ విన్నారు. తాళి మెళ్ళో పడింది గానీ, ఆ తుమ్ముకి రావాల్సిన తిట్లన్నీ మా నెత్తిన పడ్డాయి.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో కోటిలింగం, ఊరు దగ్గరపడ్డాక అన్నాడు.

"పదహారేళ్ళ నుంచి లేంది, ఇయ్యాళ నా ఎంగిలి చేదయిందా నీకు? లేకపోతే నీ ఎంగిలికి నేను చాలనా?"

మీరావలి బయటికి చూస్తూ కూర్చున్నాడు. అయ్యా, ఒక్క మాట! "నీ మేలు కోరే ఇవ్వలేదన్నా" అంటే పోయేది. నేను అతని మోకాళ్ళ మధ్య నిటారుగా నిలబడి ఉన్నాను, గాలి పోస్తే నేనైనా అందును. ఆటో కుదుపులకి కటకటలాడడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాను.

ఆ మర్నాడు నన్ను పెట్టెలో పెట్టి మంచం కిందికి తోశాడు. డాక్టరు ఇక ఊదొద్దన్నాడని ఊరంతా చెప్పాడు. పచ్చి అబద్ధం. ఆరు నెలల మందు తర్వాత పరీక్ష చేసి, రక్తంలో వైరస్ కనపడనంతగా తగ్గిందని చెప్పారు. జాన్‌బీ సంతోషంతో సేమ్యా పాయసం వండింది. అతను తన వంతు వేరే గిన్నెలో పోసుకుని గుమ్మం దగ్గర కూర్చున్నాడు. ఆవిడకి ఓపిక చచ్చిపోయింది.

"ఏం మనిషివయ్యా నువ్వు? చదువుకున్నోళ్ళు చెప్పారు, కాయితం చెప్పింది. ఇంకెవురు చెప్పాల నీకు?"

"నాకు తెలుసే, అంటదని" అన్నాడతను. "తెలిసినా ఎవురన్నా దగ్గరికొస్తే నోటికి చెయ్యడ్డం పెట్టుకుంటన్నా. ఊపిరి వదలాలన్నా బయ్యం. నా ఉమ్మంటే నాకే అసయ్యంగా ఉందే, ఏం చెయ్యమంటావు?"

జాన్‌బీ వచ్చి గుమ్మంలో అతని పక్కనే కూర్చుంది. నాకు మాత్రం పెట్టె బద్దలు కొట్టుకుని బయటికి రావాలనిపించింది. రక్తంలో కనపడనంతగా తగ్గినది తలలో తగ్గదేం? దానికి మాత్ర లేదేం? అతని నాయన ఊపిరి, అతని ఊపిరి కలిపి నలభయ్యేళ్ళు మింగినదాన్ని. నాకు లేని అసహ్యం అతనికెందుకు?

ఒక ఆదివారం పొద్దున కోటిలింగం వచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"శ్రుతిపెట్టె ఇయ్యి, పోతా. పర్చూరాయన జత కుదిరాడు."

శ్రుతిపెట్టె ఇద్దరిదీ. అది తీసుకుపోయాడంటే జత విడిపోయినట్టే. మీరావలి లోపలికెళ్ళి తెచ్చి చేతికిచ్చాడు. కోటిలింగం అందుకుని వెనక్కి తిరిగాడు.

"అన్నా" అన్నాడు మీరావలి. "నాకు హెచ్ఐవీ ఉంది. ఆ రోజు పీక అందుకే ఇయ్యలా."

అబ్బ! ఎంతసేపు పట్టిందయ్యా ఆ మాటకి? ఇంతా చేస్తే రెండు ముక్కలు.

కోటిలింగం ఇటు తిరిగాడు. తర్వాత శ్రుతిపెట్టె అరుగు మీద పెట్టేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. మీరావలి అతను నడిచిన దారినే చూస్తూ, "చూశావా?" అన్నాడు జాన్‌బీతో. ఆ గొంతులో ఏడుపు కంటే, తను అనుకున్నదే జరిగిందన్న తృప్తి ఎక్కువగా వినిపించింది. అదే నాకు మరీ చిరాకు తెప్పించింది.

తొమ్మిది రోజులు ఎవరూ రాలేదు. పదోరోజు మధ్యాహ్నం కోటిలింగం వచ్చి, ఈసారి చెప్పులు విడిచి తిన్నగా లోపలికొచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"బయ్యమేసింది" అన్నాడు ముందుగానే. "పదహారేళ్ళ ఎంగిలి గుర్తొచ్చి నిద్ర పట్టలా. ఒంగోలు పోయి రక్తం చూపించుకున్నా. నాకేం లేదన్నారు. ఆడ కౌన్సెలింగ్ ఆయన్ని నాలుగుసార్లు అడిగా, ఉమ్ముతో రాదా అని. అంటదంటే అంటదు, ఎన్నిసార్లడుగుతావయ్యా అని కసిరాడు. బయ్యపడ్డానని చెప్పుకోలేక ఇన్నాళ్ళూ రాలా. అదీ సంగతి. నాకు జబ్బు మీద కోపం లేదురా. పందిట్లో నన్ను పరాయోణ్ణి చేశావే, అది నా కడుపులో ఉంది."

 కోటిలింగం వంగి పెట్టె బయటికి లాగాడు. మూత తీసి, నన్ను చేతిలోకి తీసుకుని దుమ్ము ఊదాడు. నా మెడకి దారంతో వేలాడుతున్న పీకలు ఎండుకట్టెల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. ఒకటి విప్పి నోట్లో పెట్టుకోబోయాడు. మీరావలి గభాలున లేచి అతని చెయ్యి పట్టుకున్నాడు. ఒకడు లాగుతాడు, ఒకడు వదలడు. ఇద్దరు పెద్దమనుషులు రెల్లుముక్క కోసం చిన్నపిల్లల్లా పెనుగులాడుతుంటే మధ్యలో నా తల తిరిగిపోయింది. చివరికి కోటిలింగమే గెలిచాడు. పీక బుగ్గన పెట్టుకుని, మంచం మీద బాసింపట్టు వేసుకుని, అది నానేదాకా కదలకుండా కూర్చున్నాడు. తర్వాత తీసి నాకు తగిలించి, నన్ను మీరావలి ఒళ్ళో పెట్టాడు.

"ఊదు."

ఎంత బతిమాలినట్టు చూసినా కోటిలింగం మాట మార్చలేదు. మీరావలి ఊదాడు. ఏం చెప్పమంటారు, ఘోరం. నెలల తరబడి అలవాటు తప్పిన పెదవులు, వణికే ఊపిరి. షడ్జమం ఒక చోట, నేనొక చోట. వంటింట్లోంచి జాన్‌బీ గొంతు వినిపించింది.

"ఎవురది అన్నా, పిల్లి గొంతు నొక్కినట్టు వాయించేది?"

అడిగిన మరుక్షణమే ఆ ఇంట్లో సన్నాయి వాయించేది ఎవరో ఆవిడకి స్ఫురించినట్టుంది. చేతిలోని గరిట ఎక్కడో పడిన చప్పుడైంది. గుమ్మంలోకి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

"ఇటియ్యి, నేను చూపిస్తా" అని కోటిలింగం చెయ్యి చాచాడు.

మీరావలి లుంగీ అంచు పైకి తీసి పీక చుట్టూ బిగించాడు.

"తుడవమాక" అన్నాడు కోటిలింగం.

మీరావలి అతని ముఖంలోకి చూశాడు.  చాచిన చెయ్యి ఈసారి వేళ్ళు ఆడించలేదు, ఊరికే అలా తెరుచుకుని ఉంది. లుంగీ అంచు వదిలేసి, నన్ను తడిగానే ఇచ్చాడు.