బల్లకు పడిన గుంట

“నేననేది ఆ తడిగుడ్డ గురించే. రోజూ మూడు పూటలా దాంతో బల్లకు స్నానం చేయిస్తే ఏ చెక్కయినా ఉబ్బదూ?” అంది అత్తగారు, మంచినీళ్ళ జగ్గును బల్ల మధ్యలోంచి అంచుకు జరుపుతూ.

“ఉబ్బితే మధ్యలో గుట్ట లేవాలి కదత్తయ్యా. మనకు పడింది గుంట,” అంది కోడలు.

“గుట్టో గుంటో, నువ్వొచ్చాకే వచ్చింది.”

మరిది పకపకా నవ్వాడు. “పోనీలే వదినా, ఈ ఇంట్లో నీ గుర్తంటూ ఒకటి ఉండాలిగా.”

ఈ తగవుకు రెండేళ్ళ వయసుంది. భోజనాల బల్ల మీద నీళ్ళు ఒలికితే అంచులనుంచి జారి నడుమన చిన్న మడుగు కట్టేవి. ఆ మాట వచ్చినప్పుడల్లా మామగారికి ఎక్కడలేని ఆకలి పుట్టుకొచ్చేది. కింది అంతస్తులో ముప్ఫై ఏళ్ళుగా వడ్రంగం షాపు నడుపుతున్న మనిషి, తల ఎత్తకుండా తింటూ కూర్చునేవాడు. ఇవాళా అంతే.

ఇవాళ మాత్రం కోడలు ఊరుకునేలా లేదు. వచ్చే వారం షాపుకు లైబ్రరీ వాళ్ళ పని వస్తోంది, ఎనిమిది పొడవాటి బల్లలు. పలకలు ఏరి, జత కలిపే పాత పనివాడు చూపు ఆనక మానేశాడు. ఆ పని తనకిమ్మని ఆమె నెలరోజులుగా అడుగుతోంది. కోత మిల్లున్న ఇంట్లో పుట్టిన పిల్ల. నడక నేర్చిందే దుంగల మధ్య. ఇక్కడ ఇన్నాళ్ళూ ఆమె చేతికి దక్కింది పాలిష్ గుడ్డ ఒక్కటే. మామగారు “చూద్దాం” అంటూ వచ్చాడు. అత్తగారైతే ఇప్పుడే తేల్చేసింది: “ఇంట్లో బల్లనే తిన్నగా ఉంచలేని పిల్ల లైబ్రరీ బల్లలు ఏం ఉద్ధరిస్తుందే!”

కోడలు చెయ్యి కడుక్కుని వచ్చింది. పక్కనే తింటున్న భర్త చొక్కా జేబులోంచి సుద్దముక్క లాగి, బల్ల కొసన నేల మీద చతికిలబడింది.

“అత్తయ్యా, ఒక్కసారి ఇలా వంగండి.”

“నా మోకాళ్ళు వంగవు. అక్కణ్ణుంచే చెప్పు.”

“చెట్టు లావెక్కడమంటే లోపలి చెక్క ఉబ్బడం కాదు. బెరడు కింద పలచటి పొర ఉంటుంది, జీవమంతా దాన్లోనే. అది ఏటేటా లోపలి చెక్క మీద కొత్త చెక్క పేరుస్తుంది, చొక్కా మీద చొక్కా తొడిగినట్టు. అవే ఈ గీతలు.” కొసన కనబడే వంపు గీతల మీద సుద్దతో గీసింది. ఐదు పలకలకీ ఐదు గొడుగులు లేచాయి, అన్నీ పైకే.

“బాగున్నాయి. అయితే?” అంది అత్తగారు.

“చెక్క ఎండేటప్పుడు ఈ గీతల వెంబడి ఎక్కువ ముడుచుకుంటుంది, గీతలకు అడ్డంగా తక్కువ. బెరడు వైపు ముఖంలో గీతలు బారుగా పరుచుకుని ఉంటాయి కాబట్టి ఆ ముఖమే ఎక్కువ ముడుచుకుంటుంది, అంచులు పైకి లేస్తాయి. అందుకే ఒక పలక బెరడు వైపు పైకి, పక్కది కిందికి పెడతారు. దీని వంపు దాంతో సరిపోతుంది. ఇక్కడ ఐదూ బెరడు వైపే పైకి పెట్టారు. ఐదూ ఒకే పక్కకు వంగాయి.”

భర్త వంగి చూసి, చిన్నగా ఈల వేశాడు. “నాన్నా, ఇది మన షాపులో చేసిందేనా?”

మామగారి చెయ్యి కంచంలో ఆగిపోయింది.

“జిగురు రాసిన పనివాడెవడో చేతకానివాడై ఉంటాడు,” అంది అత్తగారు.

“నేనే చేశాను,” అన్నాడాయన.

అందరూ ఆయన వైపు తిరిగారు.

“పలకలు ఏరుతుంటే నువ్వే వచ్చి నిలబడ్డావు కదే. పువ్వుల్లాంటి చారలు ఆ ముఖం మీదే బాగున్నాయి, అన్నీ పైకే రావాలన్నావు. వంగుతుందని చెప్పబోయాను. మొహం ముడుచుకున్నావు.”

“ఓహో! చెక్క బదులు నేను ముడుచుకున్నానా?”

“పైగా అది పచ్చి చెక్క. ఎండిందంతా బయటివాళ్ళకు అమ్మేశాను. మనింటిదేగా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. నెల తిరక్కుండానే గుంట మొదలైంది. ఈలోగా పెళ్ళయింది, అమ్మాయి వచ్చింది, నువ్వు తడిగుడ్డ మాట పట్టుకున్నావు...”

“రెండేళ్ళు! రెండేళ్ళు నా నోటితో ఈ పిల్లను అనిపిస్తూ కూర్చున్నారా మీరు?” అత్తగారు గరిటె ఠపీమని పెట్టింది. కోడలి వైపు చూసింది. “నువ్వైనా ఆ సుద్దముక్క ముందే తియ్యొద్దుటే?”

“మామయ్య చేతి పని కదత్తయ్యా. ఆయనే చెబుతారని చూశాను.”

మరిది ఈసారి నవ్వలేదు. మామగారు లేచి వెళ్ళి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గొంతు పెంచకుండానే అందరికీ వినబడేలా అన్నాడు:

“సోమవారం లైబ్రరీ పలకలు దిగుతాయి. ఏ పలక పక్కన ఏది, ఏ ముఖం పైకి అన్నది అమ్మాయి తేలుస్తుంది. తను ఊఁ అన్నాకే మనలో ఎవరైనా జిగురు రాసేది. నాతో సహా.”